మేం కట్టుకున్న మోరీ

సూర్యాపేటలో మేం ఇల్లు కట్టుకున్న కాలనీకి పెద్ద కమాను ఉండేది, వీధులకు నంబర్లు ఉండేవి. మురుగు నీళ్ళు పోయే మోరీ మాత్రం లేదు. ప్లాటు కొన్నప్పుడు ఆ సంగతి మాకు తట్టలేదు. వెంచర్ వాళ్ళు చూపించిన రంగుల కాగితంలో ప్రతి వీధికీ రెండు వైపులా సన్నటి నీలం గీతలు గీసి ఉన్నాయి. అవి మోరీలని మాకు మేమే అనుకున్నాం. తర్వాత పోయి అడిగితే, అవి ప్లాట్ల హద్దులని చెప్పారు.

నేను చివ్వెంల వైపు ఒక ఊళ్ళో హైస్కూలు టీచర్ని, సోషల్ చెప్పేదాన్ని. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమస్తా. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. వారమంతా ఆ ఇంట్లో నేనూ, నాలుగో తరగతి చదివే మా అమ్మాయీ ఉండేవాళ్ళం. చుట్టూ సగం ఖాళీ ప్లాట్లే. మా వీధిలో అప్పటికి లేచిన ఇళ్ళు పది కూడా లేవు.

పాలు పొంగించిన రోజున మా బోరుకు ఇంకా మోటరు బిగించలేదు. చుట్టాలందరూ వచ్చి కూర్చున్నారు, చెయ్యి కడుక్కోను నీళ్ళు లేవు. ఎదురింటి నుంచి ఒకామె అడగకుండానే నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె తెచ్చి మా గడప ముందు దించింది. మళ్ళీ పోయి ఇంకో రెండు తెచ్చింది. పేరు కూడా చెప్పకుండా, "మోటరు పెట్టుకునేదాంక మా తానే తోడుకో బిడ్డా, మొహమాటపడకు" అని వెళ్ళిపోయింది. నాకంటే పదేళ్ళు పెద్దది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి. ఆమె భర్త మేస్త్రీ. మిర్యాలగూడలో, హాలియాలో కాంట్రాక్టర్ల కింద ముప్పయ్యేళ్ళు మోరీలు, కల్వర్టులు కట్టాడు. మోకాళ్ళు అరిగిపోయాక పెద్ద పనులు మానేసి, ఈ కాలనీలో తన చేతులతోనే రెండు గదుల ఇల్లు లేపుకున్నాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యతో చర్చికి పోయేవాడు. మిగతా రోజుల్లో లుంగీ, భుజాన తువ్వాల. వారం తిరిగేసరికి నేను ఆమెను వదినె అనడం, ఆయన నన్ను చెల్లె అనడం మొదలైంది. ఎవరు ముందు అన్నామో గుర్తు లేదు.

మొదటి వానాకాలంలో తెలిసింది మేం ఎక్కడ ఇల్లు కట్టుకున్నామో. మా వీధి పెద్ద రోడ్డు దగ్గర ఎత్తుగా మొదలై వాగు వైపు వాలుతుంది. పాయఖానాకు ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్ళకు ఉంది. బాధంతా స్నానాల నీళ్ళు, బోళ్ళు తోమిన నీళ్ళు, బట్టలు పిండిన నీళ్ళు. ప్రతి ఇంటివాళ్ళూ గోడకు బెజ్జం పెట్టి పైపును రోడ్డు మీదికి వదిలారు. మేమూ అంతే. అందరి నీళ్ళూ కలిసి, వాలును బట్టి దిగి, మా ఇంటి ముందూ మేస్త్రీ ఇంటి ముందూ మడుగు కట్టి, ఆఖరికి వీధి చివర ఉన్న ఖాళీ ప్లాటులోకి జారేవి. అక్కడ తుంగ మొలిచింది. పందులు వచ్చాయి. దోమలకు తలుపులు నాలుగింటికే వేసుకునేవాళ్ళం.

ఆ ఖాళీ ప్లాటు కోదాడలో కిరాణం కొట్టు నడిపే ఒకావిడది. ఏడాదికోసారి తన స్థలం చూసుకుందామని వస్తుంది. ఆ ఏడు వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "ఏమండీ, నేను స్థలం కొన్నానా, చెరువు కొన్నానా?" అంది. అందులో మా ఇంటి నీళ్ళు కూడా ఉన్నాయి.

అర్జీలు రాయడం నాకు వచ్చిన పని. రాశాను. మా వీధివాళ్ళందరితో సంతకాలు పెట్టించాను. మొదట వెంచర్ ఆయన దగ్గరికి పోయాను. ప్లాట్లు అమ్మేశాను కదమ్మా, ఇంక అది మీ ఊరు, మీ పంచాయతీ అన్నాడు. పంచాయతీకి పోతే, మీ లేఔటుకు అనుమతి లేదు, రోడ్లు మాకు అప్పజెప్పలేదు, అప్పజెప్పని రోడ్డు మీద మేం తట్టెడు మట్టి కూడా ఎత్తలేం అన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారంటే సెలవు పెట్టి పోయాను. అక్కడ బాగానే విన్నారు, కాగితం మీద ముద్ర వేసి ఇచ్చారు. రెండు నెలలకు ఆ కాగితం తిరిగి తిరిగి మా పంచాయతీకే వచ్చింది.

మేస్త్రీ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట అనేవాడు. మనమే కట్టుకుందాం, నేనున్న గద, కూలి అక్కర్లేదు, తలా ఇంత సామాను తెస్తే చాలు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఒక ఆదివారం వాళ్ళ అరుగు మీద కూర్చుని దీని మీద పెద్ద వాదమే అయింది. వీధివాళ్ళు కూడా చేరారు.

"మనం కట్టుకుంటే వాళ్ళకు ఇగ పట్టింపు ఉండదన్నా" అన్నాను. "మోరీ కట్టుడు సర్కారు పని. ఇయ్యాల మోరీ కట్టుకోమంటరు, రేపు రోడ్డేసుకోమంటరు. మరి వాళ్ళెందుకు?"

"నువ్వు చెప్పేది తప్పని అంటలేను చెల్లె. అర్జీలియ్యి, తిరుగు. గని గంతదాంక ఈ బురదల ఎవరు నడవాలె? ఆఫీసులున్నోళ్ళు నడుస్తరా?"

వీధి మొదట్లో, ఎత్తు మీద ఇల్లున్న పెద్దాయన ఒకరుండేవారు. రిటైరయిన మనిషి. మేం మూలింటాయన అనేవాళ్ళం. మా ఇద్దరి మాటలూ విని ఆయన మూడో మాట అన్నాడు. మా ఇంటి ముందర నీళ్ళు నిలుస్తలేవు, నిలిచే కాడ ఇల్లు కట్టుకున్నోళ్ళు వాళ్ళే చూసుకోవాలె అని. అది విని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు మూలింటాయన మీద వచ్చినంత కోపం పంచాయతీ మీద కూడా రాలేదు. ఆయన చెప్పింది నిజమే మరి. నీళ్ళు ఆయన గేటు ముందు ఆగేవి కావు.

అదే ఏడు తొమ్మిదో తరగతికి పారిశ్రామిక విప్లవం పాఠం చెబుతున్నాను. విక్టోరియా రాణి కాలంలో లండన్ చుట్టూ కొత్త పేటలు పుట్టుకొచ్చాయనీ, ఇళ్ళు కట్టినవాళ్ళు అమ్ముకుని తమ దారిన తాము పోయారనీ, అక్కడ మురుగు కాలువలు ఎవరు వెయ్యాలన్నది ఏళ్ళ తరబడి తగువైందనీ చెప్పాను. ముందు బెంచీ ఆడపిల్ల ఒకతి లేచి, ఆఖరికి ఎవరు కట్టిన్రు టీచర్ అని అడిగింది. ప్రభుత్వం అన్నాను, గట్టిగా. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది. ఆ సాయంత్రం బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని మా వీధిలో నడుస్తుంటే నా జవాబు నాకే గుర్తొచ్చి సిగ్గేసింది.

తర్వాతి మార్చిలో మా అమ్మాయికి కామెర్లు వచ్చాయి. వెంచర్ వాళ్ళు వేసిన మంచినీళ్ళ పైపు రోడ్డు పక్కన ఆ బురదలోంచే పోయేది. ఎక్కడో పగిలింది. పగిలిన చోటు కనబడితే కదా. పట్నం డాక్టరు, నీళ్ళలోనే వచ్చిందమ్మా, కాచి తాగండి అన్నాడు. అప్పుడు నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ. సెలవు దొరకలేదు. మా ఆయన రెండు రోజులుండి మిల్లుకు పోక తప్పలేదు. పిల్లను వదినె చూసుకుంది. నేను పొద్దున పోయేసరికే వచ్చి మంచం పక్కన కూర్చునేది. గంజి కాచి, చల్లార్చి, చెంచాతో పట్టేది. పిల్లకు ఏదీ సయించేది కాదు. వదినె బతిమాలేది కాదు, కథ చెబుతూ చెబుతూ నోట్లో చెంచా పెట్టేసేది. నేను వచ్చేసరికి ఇద్దరూ ఒకే దిండు మీద నిద్రపోతుండేవాళ్ళు.

ఒక సాయంత్రం మా అమ్మాయి చిన్న అద్దంలో కళ్ళు చూసుకుంటూ, "అమ్మా, బయటి నీళ్ళు నా కండ్లల్లకు వచ్చినయా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. వంటింట్లోకి పోయి నిలబడ్డాను. నేను రాసిన అర్జీల నకళ్ళన్నీ వంటింటి అలమారలో ఒక సంచిలో ఉన్నాయి. అన్నీ న్యాయమైన మాటలే. ఒక్క మాట కూడా తప్పు లేదు. ఆ న్యాయం పట్టుకుని ఇన్ని నెలలు కూర్చున్నాను, పిల్ల మంచాన పడింది.

చీకటి పడకముందే వీధి దాటి పోయాను. మేస్త్రీ అరుగు మీద కూర్చుని తాపీ అంచు రాయికి గీస్తున్నాడు. మనమే కడదామన్నా అన్నాను. నేను అప్పుడే చెప్పలేదా అని ఆయన అనలేదు. "పాప గంజి తాగిందా?" అని అడిగాడు. తాగిందన్నాను. తాపీ పక్కన పెట్టి, "ఎండకాలం సెలవులు ఎన్నడిస్తరు మీకు?" అన్నాడు.

సెలవులు ఇచ్చిన మర్నాడే పని మొదలైంది. మొదట అందరూ అనుకున్నది, ఎవరి గేటు ముందు వాళ్ళు కట్టుకుంటే తగువుండదని. మేస్త్రీ అడ్డం పడ్డాడు. "గట్ల చేస్తే పది మోరీలైతయి, ఒక్క మోరీ కాదు. ఒకరిది ఎత్తు, ఒకరిది పల్లం. నీళ్ళు మన మాట వినవు" అన్నాడు. పని కింది నుంచి మొదలుపెట్టాలి, మీదికి పోవాలి, ఎవరి గేటన్నది చూడొద్దు అని పట్టుబట్టాడు. సన్నటి పారదర్శకపు పైపులో నీళ్ళు నింపి, ఒక కొస నాకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, వీధి పొడుగునా మట్టం చూసుకుంటూ నడిచాడు. నీళ్ళు రెండు కొసల్లో ఒకే ఎత్తున నిలిచేదాకా నేను పైపును మెల్లగా దించుతూ ఎత్తుతూ నిలబడాలి. ఎండకు కళ్ళు తిరిగేవి. చెయ్యి కదిలితే, "నిమ్మళంగ చెల్లె, తొందరేం లేదు" అనేవాడు. పదిహేనేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఒకరి దగ్గర పని నేర్చుకుని అన్నేళ్ళయింది. ఆ పైపు కొస పట్టుకుని నిలబడిన పొద్దుటిపూటలు నా జీవితంలో నేను మళ్ళీ కావాలనుకునే రోజుల్లో మొదటివి.

కానీ కింది నుంచి మొదలుపెట్టాలంటే వాగుకు ముందున్నది కోదాడ ఆవిడ ప్లాటు. ఆమె అంచు దాటకుండా నీళ్ళు వాగులో పడవు. మేస్త్రీ, వదినె, నేను ముగ్గురం బస్సెక్కి కోదాడ పోయాం. నేను సంచిలో ఒక ఒప్పంద పత్రం రాసి పెట్టుకుని పోయాను. ఆమె కొట్టు మార్కెట్ దగ్గర. గిరాకీ ఉంది. మమ్మల్ని బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి, పొట్లాలు కడుతూనే అంతా విన్నది. నా పత్రం చదివింది, మడిచి నాకే ఇచ్చింది.

"కాగితం సంగతి కాదండీ. ఇవాళ మీరు కాలవ తీస్తారు, రేపు అది సర్కారు కాలవ అంటారు, నా స్థలంలో నాకే దారి లేకుండా పోతుంది. అదీగాక అందరి నీళ్ళూ రేపు నేను కట్టుకునే వంటింటి పక్కనుంచే పోవాలి. మీరైతే ఒప్పుకుంటారా?" అంది.

మేస్త్రీ, కాలువ తియ్యనమ్మా, అంచు వెంబడి లోతుగా సిమెంటు పైపు పూడుస్తా, మీద మట్టి కప్పుతా, రేపు నువ్వు పునాది తీసినా దానికి తగలదు, వాసన రాదు అని నెమ్మదిగా చెప్పాడు. ఆమె నమ్మీ నమ్మనట్టు చూసింది. అప్పటిదాకా మాట్లాడని వదినె, "అక్కా, పని అయినంక నువ్వే వచ్చి చూడు. నచ్చకుంటే ఈయనతోనే తీపిచ్చేస్త. గిది నా మాట" అంది. ఆమె మా వదినెను పైనుంచి కిందిదాకా చూసి, ఏ ఊరమ్మా నీది అని అడిగింది. హాలియా దగ్గర అని చెప్పింది వదినె. కోదాడ ఆవిడ వాళ్ళ మేనత్తది కూడా ఆ వైపే అట. ఇద్దరూ ఊళ్ళ గురించి మాట్లాడుకుంటూ మమ్మల్ని మరిచిపోయారు. పోయేటప్పుడు మాత్రం, సరే కానివ్వండి అంది.

పని నెలపైన పట్టింది. ఒకింటివాళ్ళు సిమెంటు తెచ్చారు, ఒకరు రాయి తోలించారు. తేలేనివాళ్ళు తట్టలు మోశారు. పొద్దున ఆరింటి నుంచి ఎండ ముదిరేదాకా ఆడవాళ్ళం ఇసుక, కంకర అందించేవాళ్ళం. మా ఆయన ఆదివారాలు లుంగీ ఎగ్గట్టి గడ్డపార పట్టేవాడు. రెండు దెబ్బలకే బొబ్బలెక్కితే వదినె నవ్వి నవ్వి కూలబడింది. పదింటికి ఆమె అరుగు మీదే అందరికీ తిండి. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఎవరు ఏ కులం, ఎవరు ఏ దేవుడికి మొక్కుతారు అన్నది ఆ అరుగు మీద నెలరోజులూ ఎవరికీ గుర్తు రాలేదు. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో అలాంటి బంతి భోజనం నేను చూడలేదు.

పని సగానికి వచ్చినప్పుడు ఇసుక అయిపోయింది. రెండు రోజులు పని ఆగింది. మూడో రోజు పొద్దున చూస్తే మూలింటాయన తన ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను బండిలో వేయించుకుని, బండి వెనకే నడుస్తూ వస్తున్నాడు. ఇసుకను మేస్త్రీ ముందర దించమని బండివాడికి చెప్పాడు. మేస్త్రీ తువ్వాలతో రాయి తుడిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చున్నాడు. మర్నాటి నుంచి రోజూ వచ్చి కూర్చునేవాడు. చివరికి మోరీ ఆయన గేటు దాకా పోయింది.

కోదాడ ఆవిడ మాట ప్రకారం వచ్చింది. పైపు పూడ్చిన చోట అటూ ఇటూ నడిచింది, కాలితో తొక్కి చూసింది, వంగి వాసన చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వదినె ఇంటికి వచ్చి కూర్చుని, దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇవ్వమ్మా అంది. గ్లాసెడు తాగి ఇంకో గ్లాసు అడిగింది. మా వీధిలో నీళ్ళు తాగడానికి బయటివాళ్ళు జంకే రోజులవి. వదినె ముఖం చూడాల్సింది.

తొలకరి మధ్యాహ్నం పూట వచ్చింది. పెద్ద వాన. వెలిసీ వెలియకముందే అందరం గొడుగులతో, గోనెసంచులతో గేట్ల దగ్గరికి వచ్చాం. మోరీ నిండుగా, చప్పుడు చేస్తూ పోతోంది. మా గేటు ముందు ఆగలేదు. మేస్త్రీ గేటు ముందు ఆగలేదు. పిల్లలు కాగితాలు, ఆకులు వేసి వాటి వెంట వాగు దాకా పరుగెత్తారు. కామెర్ల నుంచి తేరుకున్న మా అమ్మాయి కూడా వాళ్ళలో ఉంది. మేస్త్రీ తడుస్తూ మోరీ అంచున గొంతుక్కూర్చుని, నీళ్ళ వంకే చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ళు కట్టిన గని, కట్టినంక నీళ్ళు పోంగ ఒక్కసారి కూడ సూడలే చెల్లె, పని కాంగనే ఇంకో ఊరు తోలేటోళ్ళు అన్నాడు.

ఆ తర్వాత ఆరేడేళ్ళు మాకు ఆ మోరీయే వీధి. రెండు వారాలకోసారి ఆదివారం సాయంత్రం అందరం కలిసి పూడిక తీసేవాళ్ళం. పార తెచ్చేవాళ్ళు పార, బకెట్ తెచ్చేవాళ్ళు బకెట్. పని అరగంట, ముచ్చట్లు రెండు గంటలు. మోరీ గట్టు వెడల్పుగా కట్టాడు మేస్త్రీ, కూర్చోవడానికి వీలుగా. బడి నుంచి వచ్చి టీ గ్లాసు పట్టుకుని ఆ గట్టు మీద కూర్చునేదాన్ని. వదినె వచ్చి పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు గిల్లుతూనో, బియ్యం ఏరుతూనో, ఆ రోజు వీధిలో జరిగిందంతా చెప్పేది. మా ఆయన మిర్యాలగూడలో ఉన్నాడన్న దిగులు నాకు ఆ గట్టు మీద ఉండేది కాదు. పిల్లకు జ్వరం వస్తే, నాకు ట్రాన్స్‌ఫర్ భయం పట్టుకుంటే, అత్తగారింట్లో ఏదైనా మాట వస్తే ముందు చెప్పుకున్నది అక్కడే.

అర్జీలు ఇవ్వడం మాత్రం నేను మానలేదు. మేస్త్రీయే మాననివ్వలేదు. మనం కట్టింది చిన్నది, రేపు ఇండ్లు పెరుగుతయి, ఇది చాలదు, నువ్వు తిరుగుతనే ఉండు అనేవాడు. ఏడాదికి రెండుసార్లు పోయి వచ్చేదాన్ని. ఆఖరికి మా కాలనీ మున్సిపాలిటీలో కలిసింది. నా అర్జీకి ఒక నంబరు వచ్చింది. ఒక రోజు ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. మోరీ చూసి, ఇది మా రికార్డులో లేదే, ఎవరు కట్టారు మేడమ్ అని అడిగాడు. మేమే అన్నాను. ఆయన తల ఊపి, కాగితం మీద కచ్చా మోరీ, తొలగించవలెను అని రాసుకున్నాడు. నేను పక్కనుంచి చదివాను. అది కచ్చా కాదు బాబూ అందామనుకున్నాను. నేను అడిగి తెప్పించుకున్న పని, ఏ నోటితో అనాలి?

జేసీబీ ఒక్క పొద్దుటిపూటలో మా మోరీని లేపేసింది. వదినె బయటికి రాలేదు, లోపల బోళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉంది. మేస్త్రీ మాత్రం వచ్చి, కొత్తగా వచ్చిన కాంట్రాక్టు మేస్త్రీకి ఎక్కడ మంచినీళ్ళ పైపు ఉందో, ఎక్కడ వాలు మారుతుందో దగ్గరుండి చూపించాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన చూసి, "ఏడుస్తున్నవా చెల్లె? నువ్వే గద అడిగినవ్, సర్కారు కట్టాలని. కడుతున్నరు. మంచిగయ్యింది" అన్నాడు. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు. దెప్పిపొడుపు లేదు. తను కట్టినవి ఎన్ని తవ్వేశారో, ఎన్ని పెద్దవి చేశారో చూసిన మనిషి. ఏడ్చింది నేనే.

కొత్త మోరీ లోతుగా, గట్టిగా, రోడ్డుకు సమంగా వేసి మీద సిమెంటు బిళ్ళలు కప్పారు. చాలా బాగా కట్టారు, ఆ మాట చెప్పాలి. దోమలు తగ్గాయి. ఖాళీ ప్లాట్లలో ఇళ్ళు లేచాయి. కోదాడ ఆవిడ తన ప్లాటు అమ్మితే కొన్నవాళ్ళు మూడంతస్తులు వేశారు. బిళ్ళల మీద కార్లు నిలిపేవాళ్ళు. మోరీ ఎక్కడైనా మూసుకుపోతే ఫోన్ చేస్తే మనుషులు వచ్చి తీసి పోయేవాళ్ళు. మేం బయటికి రావలసిన పని లేదు, రాలేదు. కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు కూడా నాకు సరిగ్గా తెలియలేదు. నేను కోరుకున్నది జరిగిందని నాకు తెలుసు. అది జరగకూడదని నేను ఇప్పటికీ అనను. మా అమ్మాయికి వచ్చిన జబ్బు ఆ వీధిలో ఇంకే పిల్లకూ రావద్దు. అయినా సాయంత్రం టీ పట్టుకుని గేటు దాకా వచ్చి, కూర్చోవడానికి చోటు లేక లోపలికి పోయిన రోజులు చాలా ఉన్నాయి.

ఆ మరుసటి ఏడే హాలియా దగ్గర ఊళ్ళో వదినె అక్క ఒంటరిదైపోయింది. వచ్చి తన దగ్గర ఉండమని కబురు చేసింది. వదినె నెల రోజులు ఎటూ తేల్చుకోలేక తిరిగింది. ఆఖరికి ఇల్లు అమ్మి పోయారు. సామాను బండి ఎక్కించే రోజు నేను బడికి సెలవు పెట్టాను. వదినె మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని, అప్పటికి అది ఇంటర్మీడియట్, "మంచిగ తిను బిడ్డా" అని మాత్రం అంది. తర్వాత రెండేళ్ళకు నాకు ప్రమోషన్ మీద మిర్యాలగూడ వచ్చింది. ఇన్నాళ్ళకు సంసారం ఒక చోటికి చేరిందని అందరూ సంతోషపడ్డారు. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటున్నాం. మా ఇంటి నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు.

వదినె ఫోన్ చేసేది. హాలియా ఇక్కడికి ఎంత దూరం, ఒక్కనాడు రా అనేది. వస్తాను వదినె, ఈ పరీక్షలు కానీ అనేదాన్ని. పరీక్షలయ్యాక వాల్యుయేషన్ ఉండేది, అదయ్యాక పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట. అలా రెండేళ్ళు గడిచాయి. పోయిన వేసవిలో ఒక పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. గుండె నొప్పి అని దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది అన్నాడు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది.

మేస్త్రీ ఇంటి ముందు వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నేను పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. పాప ఏం చేస్తోందని అడిగాడు. మా ఆయన ఆరోగ్యం అడిగాడు. మూలింటాయన ఉన్నాడా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆ వీధికి నేను పోక ఎన్నాళ్ళయిందో చెప్పడానికి సిగ్గేసింది.

"మీ వదినె ఎప్పుడు నీ ముచ్చటే తీసేది" అన్నాడు ఆఖరికి. "చెల్లె వస్తదంట అని మొన్న పండుగకు కొత్త చాప కూడ కొనిపెట్టింది. నువ్వు కింద కూసుంటవ్ గద."

కాసేపటికి లోపలినుంచి వదినె వాళ్ళ అక్క ఆ చాప తెచ్చి పరిచింది. నేను కుర్చీలోంచి దిగి దాని మీద కూర్చున్నాను. సాయంత్రం బస్సు దాకా అలాగే కూర్చున్నాను. ఆమె పక్కన ఉంటే ఏం చెప్పేదో, ఏ మాటకు నవ్వేదో తలుచుకుంటూ. బస్సు వచ్చేసరికి మేస్త్రీ కర్ర పట్టుకుని రోడ్డు దాకా వచ్చాడు. వద్దన్నా వినలేదు. ఈసారి సెలవులకు తప్పకుండా వస్తానన్నాను. ఆయన సరేనన్నాడు, ఆ మాట నమ్మిన మనిషిలాగే అన్నాడు.

ఇది రాసేసరికి ఆ సెలవులు దగ్గరపడ్డాయి. బస్సు వేళలు కనుక్కుని పెట్టుకున్నాను.